ఇరవై రూపాయల గోదారి

సత్యకుమారి తెల్లవారుఝామునే లిల్లీ పూలు కోసి, తట్టకెత్తి, పైన తడిగుడ్డ కప్పి, అయిదింటికల్లా రేవులో ఉంటుంది. మొగలిలంక నుంచి అవతలి గట్టుకి బుల్లియ్య పడవ మొదటి ట్రిప్పు ఆ వేళకే. టిక్కెట్టు ఇరవై రూపాయలు. పన్నెండు నిమిషాల్లో అవతలి గట్టు. అక్కడ ఆటో ఎక్కితే ఆరు కాకుండానే కడియపులంక పూల మార్కెట్టు. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చి, చద్దన్నం తిని, మళ్ళీ తోటలోకి దిగుతుంది. భర్త పోయిన ఈ తొమ్మిదేళ్ళూ ఆవిడ రోజులు ఇలాగే నడిచాయి. ఉన్నది డెబ్బై సెంట్లు. దాని మీదే కూతురు సాయిదుర్గని కాకినాడలో నర్సింగు చదివిస్తోంది.

మొగలిలంక దగ్గర గోదారి వెడల్పు టిక్కెట్టుని బట్టి ఉంటుంది. ఎక్కువిస్తే గట్టు దగ్గరవుతుంది, తక్కువిస్తే దూరమవుతుంది. టిక్కెట్టు పది రూపాయలున్న రోజుల్లో దాటడానికి ఇరవై నాలుగు నిమిషాలు పట్టేది. ఇరవై చేసిన రోజు పొద్దున్న అవతలి గట్టు మీది తాటిచెట్లు సగం దూరం నడిచొచ్చినట్టు కనిపించాయి. జనం పది రూపాయలు పెరిగినందుకు కాసేపు గొణుక్కుని, పన్నెండు నిమిషాలు కలిసొచ్చాయని ఊరుకున్నారు.

ఇంకో సంగతి ఉంది. పడవలో ఉన్నవాళ్ళలో ఎవరు అందరికన్నా తక్కువిస్తే, పడవ మొత్తానికి గోదారి వాళ్ళ లెక్కనే ఉంటుంది. అందుకని బుల్లియ్య ఎవరికీ తగ్గించడు. అరువు పెట్టడు. సొంత భార్య ఎక్కినా ఇరవై పుచ్చుకుని, ఇంటికెళ్ళాక తిరిగి ఇచ్చేస్తాడు. అరవై దాటిన మనిషి. వాళ్ళ నాన్న చేపల వేట మానేసి పడవ కట్టిన దగ్గర్నుంచి ఆ రేవు వాళ్ళ చేతిలోనే ఉంది.

బుల్లియ్య అక్క కొడుకు గణేష్‌బాబు. పదహారో ఏట నుంచీ మావయ్య పడవ మీదే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిది. కిందటేడు మాఘమాసంలో, ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న కిందరేవుని ఎవరో వేలంపాటలో పాడుకున్నారని లంకలో తెలిసింది. ఆయన పేరు రమేష్ బాబు. భీమవరం వైపు మనిషి. కొత్త ఇంజను పడవ కొని, దాన్ని నడపడానికి గణేష్‌బాబుని నెల జీతం మీద పెట్టుకున్నాడు. కిందరేవులో బోర్డు పెట్టారు, టిక్కెట్టు పదిహేను రూపాయలని.

బుల్లియ్య కిందరేవు దాకా నడిచెళ్ళి బోర్డు చూశాడు.

"పదిహేనుకి డీజిలు ఖర్చు కూడా రాదు కదరా," అన్నాడు.

"డీజిలు నాది కాదు మావయ్యా. ఆయనిస్తున్నాడు."

"ఆయనకేం మిగుల్తుంది?"

"అది నేనడగలేదు."

బుల్లియ్య వెనక్కి నడిచొచ్చేశాడు. ఆ సాయంత్రం భార్యతో, వాడు బాగా చిక్కిపోయాడు, వేళకి తింటున్నట్టు లేదు అన్నాడు.

రెండు పడవలూ ఒకేసారి బయల్దేరితే గట్టు మీద నిలబడినవాళ్ళకి తేడా కనిపించేది. బుల్లియ్య పడవ అవతలి గట్టుకి ఆనేసరికి గణేష్‌బాబు పడవ ఇంకా నీళ్ళ మధ్యలో ఉండేది. అయినా జనం కిందరేవుకే వెళ్ళారు. నాలుగు నిమిషాలే కదా అనుకున్నారు. నెల తిరిగేసరికి అక్కడ టిక్కెట్టు పది అయింది. ఇంకో రెండు నెలలకి అయిదు. అయిదు రూపాయల గోదారి దాటాలంటే నలభై ఎనిమిది నిమిషాలు. పొద్దున్నే ఎక్కినవాళ్ళు అందులో టిఫిన్లు చేసేవారు, కునుకు తీసేవారు. పిల్లలు హోంవర్కు రాసుకునేవారు.

సత్యకుమారి రెండు నెలలు ఓపిక పట్టి ఇరవై రూపాయల పడవే ఎక్కింది. తర్వాత ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, పూలు అడిగేవాళ్ళు లేరు. మనిషికి ఇరవై, తట్టకి ఇరవై. ఒకరోజు తట్ట నెత్తిన పెట్టుకుని పైరేవు దాటి కిందరేవుకి నడిచింది. బుల్లియ్య పడవలోంచి చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. శ్రావణం వచ్చాక మళ్ళీ ఇరవై రూపాయల పడవ ఎక్కుదామని వెళితే, అయిదు గంటల ట్రిప్పు తీసేశాడు బుల్లియ్య.

"ముగ్గురొస్తున్నారమ్మాయ్. ముగ్గురి కోసం ఇంజను తిప్పలేను. ఏడింటికి రా," అన్నాడు.

ఏడింటికి బయల్దేరితే మార్కెట్టు అయిపోతుంది. అయిదు రూపాయల పడవెక్కితే మార్కెట్టుకి చేరేసరికి ఆరున్నర అవుతుంది. అప్పటికి పెద్ద కొట్లవాళ్ళు కొనేసి వెళ్ళిపోతారు. లిల్లీ మొగ్గలు దారిలోనే విచ్చుకుని రేకలు వాలేసేవి. మిగిలినవాళ్ళు అడిగిన ధరకి ఇచ్చి రావాల్సి వచ్చేది.

ఆవిడకే కాదు. లంకలో పాలు అవతలికి చేరేలోపు విరుగుతున్నాయి. అరటి గెలల కోసం వచ్చే వ్యాపారులు, రానూ పోనూ పూట గడిచిపోతోందని రావడం మానేశారు. ఎకరం ముప్పై లక్షలు పలికిన లంకభూమిని పన్నెండుకి అడిగే నాథుడు లేడు. దసరాల ముందు రమేష్ బాబు మొదటిసారి లంకలోకి వచ్చి, అరుగుల మీద కూచుని, మజ్జిగ తాగి, అందరినీ పేరుపేరునా పలకరించాడు. తూర్పు వైపు నీటి పక్కనున్న భూములు కావాలన్నాడు. ఎకరం పన్నెండు లక్షలిస్తానన్నాడు.

"ఇంత దూరంలో ఉన్న భూమికి అంతకన్నా ఎవరిస్తారండి?" అని నెమ్మదిగా అడిగాడు. ఎవరూ ఇవ్వరని అందరికీ తెలుసు.

తూర్పు వైపు భూములు ముగ్గురివి. అరటి వేసే దొరబాబుది ఎకరంన్నర. చిన్నమ్మాయి అనే ముసలావిడది ముప్పై సెంట్ల కొబ్బరితోట. మధ్యలో సత్యకుమారి డెబ్బై సెంట్లు. ముగ్గురూ అడ్వాన్సు తీసుకుని సంతకాలు పెట్టారు. ఆ నెల ముప్పై ఒకటో తారీఖు దాటితే కాయితం చెల్లదని రమేష్ బాబే రాయించాడు. గడువు లేకపోతే లంకవాళ్ళు నాన్చుతారని ఆయనకెవరో చెప్పారు. కోతలు, కార్తీక పూజలు అంటూ వీళ్ళు నాన్చనే నాన్చారు. చివరికి ముప్పై ఒకటో తారీఖునే ముహూర్తం కుదిరింది.

ముందురోజు రమేష్ బాబు గణేష్‌బాబుకి ఫోన్ చేశాడు.

"రేపు వాళ్ళ దగ్గర టిక్కెట్టు తీసుకోకు. భూమి ఇస్తున్నారు, మర్యాదగా ఉండదు. పడవలో ఇంకెవర్నీ ఎక్కించుకోకు."

గణేష్‌బాబు సరేనన్నాడు. అయిదు రూపాయలకీ ఏమీ పుచ్చుకోకపోవడానికీ ఎంత తేడా ఉంటుందిలే అనుకున్నారు ఇద్దరూ.

పొద్దున్న తొమ్మిదింటికి పడవ బయల్దేరింది. ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని, పాసుపుస్తకాలు సంచుల్లో పెట్టుకుని కూచున్నారు. పది దాటింది. అవతలి గట్టు ఎక్కడుందో అక్కడే ఉంది. వెనక లంక మాత్రం సన్నటి గీతలా అయిపోయింది. పదిన్నరకి గణేష్‌బాబు ఇంజను ఆపి, నీళ్ళ వైపు కాసేపు చూసి, ఫోన్ తీశాడు.

"గోదార్లో ఉన్నామండి... లేదండి, ఇంజను బాగానే ఉంది... ఫ్రీ కదండీ, అందుకని... ఆయ్, అడుగుతానండి."

ఫోన్ జేబులో పెట్టి ముగ్గురి వైపు తిరిగాడు. "తలా ఒక ఇరవై ఇచ్చెయ్యండి. పన్నెండు నిమిషాల్లో దింపేస్తాను. అవతల ఆయనే తిరిగి ఇచ్చేస్తారంట."

సత్యకుమారి చిన్న పర్సు తీసి ఇరవై రూపాయల నోటు పట్టుకుంది. చిన్నమ్మాయి కొంగుముడి విప్పుతోంది. దొరబాబు మాత్రం చేతులు కట్టుకున్నాడు.

"ఫ్రీ అన్నారు కదా? ఫ్రీ అని ఎక్కించి నడిగోదార్లో డబ్బులడుగుతారేంటి? మాటంటే మాటే. నేనివ్వను."

గణేష్‌బాబు బతిమాలాడు. దొరబాబు వినలేదు. ఆయన పట్టుదల లంకలో అందరికీ తెలుసు. సత్యకుమారి నోటు మళ్ళీ పర్సులో పెట్టుకుంది. పన్నెండున్నరకి చిన్నమ్మాయి స్టీలు డబ్బా తెరిచి పులిహోర అందరికీ పంచింది. రిజిస్ట్రేషను అయ్యాక తిందామని కలిపి తెచ్చింది. గణేష్‌బాబు కూడా వచ్చి పక్కన కూచుని తిన్నాడు. పడవ నెమ్మదిగా ఊగుతోంది. ఇంత సేపు పనేమీ లేకుండా కూచోవడం సత్యకుమారికి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

"ఇవాళ్టితో మా పనైపోతుంది. రేపట్నుంచి నీకేం పని గణేశూ?" అని అడిగింది, ఊరికే, మాటవరసకి.

"కొత్త పడవొస్తుందక్కా. పైన టాపు, లోపల సోఫాలు. తూర్పు వైపంతా రిసార్టు కడతారంట. ఇరవై కాటేజీలు."

"దానికీ అయిదు రూపాయలేనా?"

"అబ్బే. రెండొందలు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు అర్ధగంట పడవలో కూచుంటారా? రెండొందలైతే నిమిషంలో అయిపోతుంది. పంటకాలవ దాటినట్టు."

చిన్నమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "నిమిషంలో గట్టుకి వెళ్ళిపోతే లంక రోడ్డు పక్కకి వచ్చినట్టే కదరా. అప్పుడు ఎకరం ఎంతుంటుంది?"

"కోటి దాటుతుందని ఆఫీసులో అనుకుంటున్నారండి," అన్నాడు గణేష్‌బాబు. అతనికి అందులో దాచాల్సిందేమీ కనిపించలేదు.

సత్యకుమారి చెయ్యి కడుక్కుని, తడి కొంగుకి తుడుచుకుంది.

"రెండొందలిచ్చి మేం పూలతట్టలతో ఎలా దాటతాం?" అంది.

గణేష్‌బాబు ఆలోచించాడు. "మీకు మా మావయ్య పడవుందిగా."

"మీ మావయ్య ఇంజను అమ్మేస్తున్నాడు. యానాం వాళ్ళొచ్చి చూసెళ్ళారు. ఆదివారం పట్టుకెళ్ళిపోతారు. నీకు తెలీదా?"

అతనికి తెలీదు. పులిహోర ఇంకా సగం ఉండగానే కాయితం ప్లేటు కింద పెట్టేశాడు. లేచి, ఇంజను దగ్గరికెళ్ళి, అక్కర్లేకపోయినా దాని మూత తీసి చూశాడు.

రెండింటికి దొరబాబుకే విసుగొచ్చింది. జేబులోంచి ఇరవై తీసి గణేష్‌బాబు చేతిలో పెట్టి, "సరే, పోనీ. పదండి, టైమైపోతుంది," అన్నాడు. చిన్నమ్మాయి సత్యకుమారి ముఖంలోకి చూసి, కాసేపు తటపటాయించి, తనూ ఇచ్చేసింది. పడవ కదల్లేదు. గట్టు రాలేదు.

"ఏంటమ్మా, నువ్వివ్వలేదా?" అన్నాడు దొరబాబు.

"లేదండి."

"పొద్దున్న నోటు తీశావుగా?"

"తీశానండి."

"మరి?"

సత్యకుమారి పర్సు జిప్పు లాగి, సంచిలో అడుక్కి తోసింది. అడ్వాన్సులో సగం సాయిదుర్గ ఫీజు కింద అప్పుడే వెళ్ళిపోయింది. అమ్మకపోతే అది ఎలా తిరిగి ఇవ్వాలో తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే. ఇరవై రూపాయలు తీసిస్తే పన్నెండు నిమిషాల్లో గట్టు మీద ఉంటుంది, గంటలో వేలిముద్ర వేసేస్తుంది.

"నాకు ఇంకాసేపు కూచోవాలనుందండి," అంది.

దొరబాబు కోపంతో లేచాడు. ఇంకో ఇరవై తీసి, "ఇదిగో, ఆవిడది నేనిస్తున్నాను," అని గణేష్‌బాబుకి ఇచ్చాడు. ఇష్టం లేని మనిషి తరఫున ఇచ్చింది టిక్కెట్టు కిందకి రాదు. గట్టు మీది తాటిచెట్లు వేలెడంత ఎత్తున అలాగే ఉన్నాయి.

"నీకు అమ్మడం ఇష్టం లేకపోతే మానెయ్. మా బేరం ఎందుకు చెడగొడతావ్? నేను మా తమ్ముడి ఆపరేషన్‌కి డబ్బు కట్టాలి."

ఆ మాటకి సత్యకుమారి తల దించుకుంది. అతనన్నదాంట్లో తప్పేమీ లేదని ఆవిడకి తెలుసు. అయినా సంచి తెరవలేదు. దొరబాబు పడవ ముందుభాగంలోకి వెళ్ళి అటు తిరిగి కూచున్నాడు.

మూడింటికి, నాలుగింటికి, నాలుగున్నరకి ఫోన్లు వచ్చాయి. గణేష్‌బాబు ప్రతిసారీ, "ఇదిగోనండి, కనిపిస్తూనే ఉందండి," అన్నాడు. సత్యకుమారిని మళ్ళీ టిక్కెట్టు అడగలేదు. ఎండ పడమటికి వాలింది. చిన్నమ్మాయి సత్యకుమారి భుజానికి ఆనుకుని కాసేపు నిద్రపోయింది. అయిదున్నర దాటాక చివరి ఫోన్ వచ్చింది. ఆఫీసు మూసేశారు.

గణేష్‌బాబు ఫోన్ పెట్టేశాక సత్యకుమారి సంచిలోంచి పర్సు వెతికి తీసి, ఇరవై రూపాయల నోటు అతనికి ఇచ్చింది. అవతలి గట్టు కదిలి రావడం మొదలుపెట్టింది.

"ఇదేదో పొద్దున్నే ఇచ్చుంటే సరిపోయేది కదక్కా," అన్నాడతను ఇంజను తిప్పుతూ.

"పొద్దున్న అమ్ముదామనే బయల్దేరాను బాబూ," అంది సత్యకుమారి.

గట్టు మీద రమేష్ బాబు కాయితాల సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఎండలో నిలబడి ముఖం కందిపోయింది.

"ఏంటండీ సత్యకుమారి గారూ? పొద్దుట్నుంచీ కనిపిస్తూనే ఉన్నారు. రారేంటి?"

"ఫ్రీ అండి మరి."

"సరే, అయిందేదో అయింది. రేపు కొత్త కాయితం రాసుకుందాం."

"చూద్దాంలెండి."

ఆ పక్కనే ఆఖరి ట్రిప్పుకి బుల్లియ్య పడవ సిద్ధంగా ఉంది. సత్యకుమారి, చిన్నమ్మాయి అందులో ఎక్కి చెరో ఇరవై ఇచ్చారు. సత్యకుమారి బుల్లియ్య పక్కనే కూచుని, గణేష్‌బాబు చెప్పిందంతా చెప్పింది. కాటేజీలు, రెండొందల టిక్కెట్టు, అంతా.

బుల్లియ్య వింటూనే ఇంజను తిప్పాడు. "వాడు తిన్నాడా ఇవాళ?" అని అడిగాడు.

"తిన్నాడు. సగం."

"ఊఁ."

"రేపు అయిదింటికి పడవ వెయ్యి బాబాయ్."

"ఎంతమందొస్తారు?"

"నేనొస్తాను. మిగతావాళ్ళ ఇళ్ళకి ఇప్పుడు వెళ్ళి చెబుతాను."

రాత్రి భోజనాల వేళకి ఆవిడ ముప్పై గుమ్మాలు ఎక్కి దిగింది. మర్నాడు అయిదింటికి రేవులో పదకొండు మంది ఉన్నారు. వారం తిరిగేసరికి పడవ నిండింది. యానాం వాళ్ళు ఆదివారం వచ్చి, టీ తాగి, ఇంజను తీసుకోకుండా వెళ్ళారు. లంకలో అందరూ మారిపోలేదు. కొందరు అయిదు రూపాయల పడవే ఎక్కుతూ వచ్చారు, రమేష్ బాబు దాన్ని ఆపేసే దాకా.

దొరబాబు మర్నాడే వెళ్ళి, పాత ధరకే ఎకరంన్నరా రాసిచ్చేశాడు. తమ్ముడికి ఆపరేషను జరిగింది. సత్యకుమారితో ఏడాది పైగా మాట్లాడలేదు. ఆవిడ చెవుల జూకాలు అమ్మి అడ్వాన్సు తిరిగి ఇచ్చేసింది. చిన్నమ్మాయి కూడా ఇచ్చేసింది. సత్యకుమారి డెబ్బై సెంట్లు మధ్యలో అలా ఉండిపోయాక, పక్కనున్న ఎకరంన్నరతో రిసార్టు రాదని రమేష్ బాబుకి ఇంజనీర్లు చెప్పారు. కిందరేవు గడువు తీరాక ఆయన మళ్ళీ పాడుకోలేదు. జీతం ఆగిపోయిన గణేష్‌బాబు నెల రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఒకరోజు బుల్లియ్యే వెళ్ళి, తన భుజం నొప్పిగా ఉందని, పొద్దున్న ట్రిప్పులు నువ్వు నడుపు అని చెప్పి వచ్చాడు. ఆయన భుజానికేమీ కాలేదని అందరికీ తెలుసు.

మరుసటి ఏడు మాఘమాసంలో రమేష్ బాబు ఒక్కడే లంకలోకి వచ్చాడు. ఇరవై రూపాయలిచ్చి, పన్నెండు నిమిషాల్లో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని తోట గట్టు మీదుగా నడిచాడు. సత్యకుమారి సాయంత్రపు పూలు కోస్తోంది.

"ఇప్పుడెంత చెబుతారండీ?" అని అడిగాడు.

ఆవిడ నడుం ఎత్తి, లెక్క వేసుకుని, ఎకరం తొంభై అని చెప్పింది.

"మరీ ఎక్కువండీ."

"అవునండి."

"అంత ఎవరూ ఇవ్వరు."

"ఇవ్వకపోతే నేనే ఉంచుకుంటానండి," అని మళ్ళీ వంగింది.

ఆయన కాసేపు గట్టు మీద నిలబడ్డాడు. కొత్తగా వేసిన డ్రిప్పు పైపులు చూశాడు. వచ్చినవాడు ఊరికే వెళ్ళడం ఎందుకనుకున్నాడో ఏమో, ఇంట్లోకి నాలుగు మూరల పూలు ఇమ్మన్నాడు. గుమ్మంలో కట్టి పెట్టుకున్న దండ కొలిచి, అరటాకులో చుట్టి ఇచ్చింది.

"ఎంతండి?"

"మూర ముప్పై. నూట ఇరవై."

రమేష్ బాబు బేరమాడకుండా ఇచ్చి, పొట్లం చేత్తో పట్టుకుని రేవు వైపు నడిచాడు.